రాష్ట్రం గడిలో రెండక్షరాలు

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ వానకాలంలో, మెదక్‌లోని మా ఆఫీసులో మండలాల రేషన్‌కార్డుల జాబితాలను ఒక్కటిగా కలిపే పని నాది. నెలాఖరుకు మండలానికొక ఫైలు వచ్చేది. ప్రోగ్రాం వాటిని కలిపి హైదరాబాదుకు పంపితేనే బియ్యం కోటా విడుదలయ్యేది. ఏళ్లుగా నడిచిన ఆ పని ఒక శుక్రవారం మధ్యాహ్నం, కారణమేమీ చూపకుండా ఆగిపోయింది.

మా అధికారి నా కుర్చీ వెనుకకు వచ్చి నిలబడ్డారు.

"కంప్యూటర్ ఖరాబైందా?"

"కంప్యూటర్ మంచిగనే ఉంది సార్. దేన్నో మింగలేకపోతున్నది."

తారీకు వేయనిదే చీటీ కూడా దాచుకోని మనిషిని నేను. ఊహ మీద మరమ్మతు చేయడం నా పద్ధతి కాదు. సగం మండలాలను పక్కన పెట్టి నడిపాను, నడిచింది. మిగిలిన సగంతో నడిపితే ఆగింది. ఆ సగాన్ని మళ్లీ సగం చేశాను. నర్సాపూర్ కలిసింది, శివ్వంపేట కలిసింది, పాపన్నపేట దగ్గర ఆగింది. ఆ ఫైలునూ అలాగే విడదీస్తూ పోగా చివరికి కొత్త కార్డులు మిగిలాయి. రాష్ట్రం అనే గడిలో పాత కార్డులన్నింటికీ ఏపీ అని ఉండగా, వీటికి టీజీ అని ఉంది. ప్రోగ్రాంకు ఏపీ ఒక్కటే తెలుసు.

పాపన్నపేట ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం.

"టీజీ అని మీరే కొట్టిండ్రా అమ్మా?"

"నేనే కొట్టిన మేడం. బండ్ల మీద రాసుకున్నం, దుకాణం బోర్డుల మీద రాసుకున్నం. కంప్యూటర్ల రాస్తే ఏమైతది?"

"పనంతా ఆగింది."

"బస్సులే బందైనయ్, గిదెంత మేడం!" అని నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. "నౌకరి తీస్తరా?"

సంగతి చెప్పగానే అధికారి నోటి నుంచి వచ్చిందీ ఆ మాటే. "ఎవరు కొట్టిండ్రో పేరు రాసియ్యండ్రి. కాంట్రాక్టే కదా, రేపటి సంది రావద్దంటే అయిపాయె. నాకు మాత్రం తెలంగాణ వద్దా? పైనోళ్లకు జవాబు నేను చెప్పాలె."

"కారణం రాసిస్తా సార్. పేరు రాయను."

రాసి ఇచ్చాను. తెలియని కోడ్ ఒక్కటి ఎదురైతే మొత్తం జాబితాను ఆపివేయడం ప్రోగ్రాంలోని లోపమని, జిల్లాలో వాడుకలో ఉన్న టీజీ దానికి తెలియకపోవడమే కారణమని పేర్కొన్నాను. టీజీగా వచ్చినది పైకి వెళ్లేటప్పుడు ఏపీగా మారేలా ప్రోగ్రాంలో ఒక వాక్యం చేర్చాను. ఆ సంగతీ రాసి, కాగితం కింద నా సంతకం, తారీకు వేశాను.

ఆయన చదివి తల ఎత్తారు. "వాడుకలనా? ఎక్కడుందమ్మా వాడుకల?"

"కిటికీలకెళ్లి చూడండ్రి సార్. మీ బండి మీదనే ఉంది."

ఆవరణలో ఆయన మోటారుసైకిల్ నంబరు పలక మీద ఎర్ర రంగు ఇంకా కొత్తగానే మెరుస్తోంది. ఆయన అటు చూశారు, నా వైపు చూశారు, కలం తీశారు. సాయంత్రం చర్చి గంట మోగక ముందే జాబితా హైదరాబాదు చేరింది.

మరుసటి నెల పాపన్నపేట ఫైలు పంపింది ఆమే. ఈసారి పాత కార్డులు సహా ప్రతి వరుసలోనూ టీజీ ఉంది. శివ్వంపేట ఫైలులోనూ అదే. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. ప్రోగ్రాం నడిపాను. ఎక్కడా ఆగలేదు.