అవ్వ అద్దంబల్ల మీది చిలకలు

మా చిన్నప్పుడు ఏరువాక పున్నమి నాడు మనుషుల కన్నా ముందు ఎద్దులు ముస్తాబయ్యేవి...

నాయన పొద్దున్నే వాటిని వాగులో కడిగి తెచ్చి, గాజుపెంకుతో కొమ్ములు నున్నగా గీకేవాడు. అట్లా గీకితేనే రంగు పట్టుకుంటుంది. ఒక ఎద్దుకు ఎరుపు, ఇంకో ఎద్దుకు ఆకుపచ్చ. ఆళ్లగడ్డ అంగట్లో తెచ్చిన డబ్బాలు... మూత తీశాక నిలవ ఉండవు. మీగడ కట్టి గడ్డ అయిపోతాయి.

ఒక ఏడు రంగు బాగా మిగిలింది. పారేయడానికి నాయనకు మనసొప్పలేదు. కిటికీ చువ్వలకు పూశాడు. పెరటి తలుపుకు పూశాడు. ఇంకా మిగిలింది... అప్పుడు ఆయన కన్ను అవ్వ అద్దంబల్ల మీద పడింది.

అవ్వ అంటే నాయన తల్లి. ఆమె పెండ్లికి పుట్టింటివాళ్లు రుద్రవరం నుంచి ఎద్దులబండి మీద పంపిన బల్ల అది. నల్లమల టేకు. కింద సొరుగులు, పైన అద్దం, అద్దం నెత్తిన ఎదురెదురుగా రెండు చిలకలు. చెక్కకు ఏ రంగూ లేదు గానీ చిలకల ముక్కులు మాత్రం ఎర్రగా ఉండేవి.

ఆ రోజు అవ్వ బనగానపల్లెలో చుట్టాలింటికి పోయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి బల్ల సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. నాకూ మా చెల్లెలికీ పండగే... దాని ముందు ఎగురుతున్నాం.

అవ్వ సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"ఏందిరా ఓబులేసూ... దీనికి గూడా కొమ్ములు కనపడినాయా నీకు?"

"పాతబడిపోయింటే కొత్తగా చేసినా కదమ్మా."

"మెడకు గంట గూడా కట్టకపోయినావా? పొద్దున్నే చేనికి తోలుకపోతువు!"

మేం నవ్వాం. అవ్వ నవ్వలేదు. చిలకల వైపు చూసింది. కండ్లు లేవు, రెక్కలు లేవు... రంగు కింద రెండు ముద్దలు.

"చిలకల్ని సంపినావు కదరా" అంది.

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి రోజు నుంచి అరుగు మీద చేతి అద్దం పెట్టుకుని తల దువ్వుకునేది. నాయన పొలానికి పోతూ వస్తూ అది చూసేవాడు.

ఇప్పుడు అవ్వతో సహా అందరం నంద్యాలలోనే ఉంటున్నాం. మొన్న పల్లెలో పాత ఇంటి కప్పు దించుతూ ఆ బల్లను ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాం. అద్దం రసం పోయి మచ్చలు పడింది. సొరుగులు మాత్రం గట్టిగా ఉన్నాయి. పైభాగం కోసేస్తే టీవీ పెట్టుకోవడానికి సరిపోతుంది అనుకున్నాను. ముందు రంగు తీసి చూద్దాం, చిలకలు మిగిలుంటే కోయొద్దు అన్నాను.

"రంగు తీయొద్దప్పా. అట్లనే కోసెయ్" అన్నాడు నాయన. ఎందుకో చెప్పలేదు.

నేను వినలేదు. మేడ మీద రంగు తీసే మందు పూస్తే, పాత రంగంతా పాల మీగడలా ముడతలు పడి లేచింది. రేకుముక్కతో గీకాను. చెక్కడం సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో తోమాను. కింద టేకు చెక్కుచెదరలేదు... మొదటి చిలకకు కన్ను వచ్చింది, రెక్క వచ్చింది, ముక్కు వచ్చింది. రెండోదానికి కన్ను, రెక్క...

ముక్కు లేదు. ఉండాల్సిన చోట మొండి చెక్క.

దూరంగా కుర్చీలో కూర్చున్న నాయన లేచి వచ్చి చూశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "ఆ పొద్దు గాజుపెంకుతో గీకుతాంటే ఎర్రముక్క ఊడి కిందపడింది. నేను వంగేలోపల కోడి ఎత్తుకపాయ. అమ్మకు ఏమని చెప్పేది... ఆడ రంగు మందంగా పూసేస్తి."

ఇన్నేండ్లూ ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అవ్వను చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకొచ్చాను. ఆమెకిప్పుడు చూపు సరిగా ఆనదు. వేళ్లతో తడిమింది. మొదటి చిలక అయ్యాక రెండోది. ముక్కు దగ్గర వేలు ఆగింది.

"అమ్మా, అది నేనే..." అన్నాడు నాయన.

"నువ్వేందిరా? నువ్వు పుట్టకముందు సంగతి ఇది. పెండ్లిబండి వాగు దిగేటప్పుడు రాయికి తగిలి ఇరిగింది. మా అత్త చూస్తే ఊరుకుంటాదా? ఇరిగిన సామాను తెచ్చిందంటాదని, బొట్టు మైనంతో ముక్కు చేసి కుంకుమ అద్దితి. జత కలవాలని రెండోదానికీ అద్దితి."

అప్పట్లో నుదుట ముందు మైనం రుద్ది, దాని మీద కుంకుమ పెట్టుకునేవాళ్లు... రాలకుండా ఉండడానికి.

నాయన వంగి ఆ మొండి చెక్కను మళ్లీ చూశాడు.

"అయితే కోడి ఎత్తుకపోయింది..."

"మైనమే. ఎండకు కరిగినప్పుడల్లా మళ్లా పెడతాంటి." అవ్వకు అప్పుడు తట్టింది. "కోడి తినిందా దాన్ని? దాని కడుపు ఏమాయనో పాపం!"

నాయన అంతసేపు నవ్వడం నేను చూడలేదు. నవ్వాక, చెక్క నున్న చేయడానికి నేను తీసిన ఉప్పుకాగితం లాక్కున్నాడు.

"పక్కకు పోరా. నీకు చేతకాదు. చెక్క పోగు ఎటుంటే అటే రుద్దాల" అని తనే మొదలుపెట్టాడు.

పాలిష్ పట్టాం. కొత్త అద్దం వేయించాం. పైభాగం కోయలేదు... టీవీ గోడకే వేలాడుతోంది. అవ్వ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని తల దువ్వించుకుంటోంది. కనపడేది తక్కువే... అయినా అక్కడే కావాలంటుంది.

చిలకకు ముక్కు చేద్దామని మైనం కోసం నంద్యాలలో అంగడి అంగడీ తిరిగాను. బొట్టు మైనం అంటే స్టిక్కర్ల అట్టలు చూపిస్తున్నారు. ఒకాయన కొవ్వొత్తి ఇచ్చాడు. ఒకప్పుడు ప్రతి ఇంటి అద్దం దగ్గరా ఉండే వస్తువు...

మీ ఇంట్లో పాత పెట్టె అడుగున ఎక్కడైనా మైనం బరిణె మిగిలుంటే చెప్పండి. చిటికెడు చాలు... చిలక ముక్కుకే.