దిష్టికి వదిలిన గోడ

తడి ఆరని గోడకు రంగు వేస్తే ఒక పులిసిన వాసన వస్తుంది. సరిగ్గా ఆరని బట్టలు మడిచి పెట్టిన బీరువా తెరిచినట్టు ఉంటుంది. మొన్న ఒక కొత్త ఫ్లాటు తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. ఇంటివాళ్లు, భార్యాభర్తలిద్దరూ, పడకగదికి ఉత్త బూడిద రంగు వేయాలా, నీలం కలిసిన బూడిద రంగు వేయాలా అని పదో రోజు తగువులాడుకుంటున్నారు. అప్పటికే గోడ మీద పద్నాలుగు నమూనా మచ్చలు వేయించాను. నేను అరచెయ్యి గోడకు ఆనించి చూసి, లోపల చెమ్మ ఉంది, పని ఆపాలి అన్నాను. ఇద్దరూ తమ తగువు మానేసి కలిసికట్టుగా నా మీదకు తిరిగారు. పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగం ఇదే. ఇంటికి పునాది వేసినవాళ్లకూ స్లాబు పోసినవాళ్లకూ పేరొస్తుంది. ఆఖరున రంగులు, పగుళ్లు, పట్టని తలుపులు, కారే కుళాయిలు చూసుకునేవాళ్లకు తిట్లొస్తాయి. ఆ తిట్లు తిని మెట్లు దిగి వస్తుంటే కోటయ్య మేస్త్రి గుర్తొచ్చాడు. గోడకు చెయ్యి ఆనించి చూడడం నాకు నేర్పింది ఆయనే.

ఆయనది మంగళగిరి. నేతవాళ్ల కుటుంబం. ఇరవై ఏళ్లు మగ్గాలకు నూలు అద్దకం వేసి, ఆ పని సన్నగిల్లాక ఇళ్లకు రంగులు వేయడంలోకి వచ్చాడు. పొట్టి మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. అందరూ కంపెనీ కార్డులో నంబర్లు చెబుతుంటే ఆయన మాత్రం మెంతి రంగు, మామిడిచిగురు, ఉల్లిపొర, నెమలికంఠం అనేవాడు. నేను డిప్లొమా చేసి, సైటు పనికి ఆడపిల్లెందుకని ప్రతివాళ్లూ తిప్పి పంపుతుంటే ఏడాది పాటు కాళ్లరిగేలా తిరిగి, చివరికి ఒక ఇంజనీరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. కంకిపాడులో ఆయన కట్టిస్తున్న ఇల్లు నా మొదటి సైటు. కోటయ్య మేస్త్రి నాకు అక్కడే పరిచయం. మొదటిరోజే నేను తెలివి చూపించబోయి, ఇప్పుడే వేసిన రంగు కార్డులో ఉన్నట్టు లేదండీ, తేలిపోయింది అన్నాను. ఆయన బ్రష్షు డబ్బా అంచుకు తుడిచి అన్నాడు:

"ఆరనీ అమ్మాయ్. నూలు తడిలో ముదురుగా కనపడిద్ది, ఆరితే తేలిపోయిద్ది. గోడ దానికి తలకిందులు. ఆరేకొద్దీ ముదురుద్ది. నేను ఈ పనిలోకొచ్చిన కొత్తల్లో ఆ నూలు అలవాటుతోనే ఒకాయన హాలు మొత్తం వేశా. గంధం రంగు అడిగాడు పాపం. తెల్లారేసరికి బెల్లం పాకమయింది."

"మరి ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? నేనే ముందెళ్లి చెప్పా, చెడగొట్టానండీ అని. మళ్లీ వేశా."

అప్పట్లో నాకది నవ్వులాట మాటగానే వినబడింది. తడిగా ఉన్నప్పుడు ఏ రంగునూ నమ్మొద్దని, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టే వేళ ఒకసారి చూస్తే గానీ రంగు ఖాయం చేయొద్దని ఆ సైటులోనే నేర్చుకున్నాను. చీకటి మూలల్లో బల్బును గోడకు ఆనించి పట్టుకుంటే పుట్టీలో ఎగుడుదిగుళ్లన్నీ కనిపిస్తాయి. అలా చూసిన గోడను ఆయన ఉప్పుకాగితంతో మళ్లీ మొదటినుంచీ రుద్దించేవాడు. కూలీలు విసుక్కునేవాళ్లు. నేనూ విసుక్కునేదాన్ని. ఆయనతో పని చేస్తే తల ప్రాణం తోకకు వచ్చేది.

ఆ ఇంటి యజమానురాలు శేషారత్నం గారు. భర్త ఆటోనగర్‌లో లారీల విడిభాగాల కొట్టులో గుమాస్తా. ఆవిడ జాకెట్లు కుట్టేది. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె వాటాల్లోనే కాపురం. రంగుల కార్డు ఇస్తే అందులో ఏదీ నచ్చలేదు. మర్నాడు వంటింట్లో ఒలిచిన ఉల్లిపాయ పొట్టు గుప్పిట్లో పెట్టుకొని వచ్చింది.

"ఇదిగో బాబూ, పైపొర కాదు, దాని కిందది. హాల్లో ఈ రంగు వస్తే చాలు."

భర్త పక్కనుంచి, "తెలుపు వేయిస్తే పోయేదానికి ఉల్లిపొట్టేంటే?" అన్నాడు.

"గ్రీజు చేతుల్తో వచ్చే మనిషివి, నీకు తెల్లగోడలెందుకు? ఇన్ని ఇళ్లు మారాం గదా, ఒక్క గోడకైనా రంగు నన్నడిగి వేశారా ఎవరైనా?"

మేస్త్రి ఆ పొట్టు తీసుకొని నీళ్లలో ముంచి చూశాడు, ఆరబెట్టి చూశాడు. మూడు రోజులు రంగులు కలిపి తలుపు వెనక అరచేతులంత మచ్చలు వేశాడు. నాలుగోరోజు సాయంత్రం శేషారత్నం గారు ఒక మచ్చ ముందు నిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకొని, "ఇదే" అంది. ఒక రంగు చూసి మనిషి ఏడుస్తుందని నేను అంతకుముందు ఎరగను.

ఆ ఇంట్లో నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్పాలి. హాలు గోడకు అవతల బాత్‌రూము ఉంది. నీళ్లు దిగకుండా కింద పూత పూశాక, టైల్సు వేసేముందు అందులో నీళ్లు నిలబెట్టి రెండు రోజులు చూడాలి. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టేసుకున్నారు. టైల్స్ వాళ్లు వేరే పని ఉందంటూ బయట తొందరపెడుతున్నారు. ఇంజనీరు గారు ఊళ్లో లేరు. నేను నీళ్లు నిలబెట్టకుండానే, నిలబెట్టి చూశానని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. ఏమవుతుందిలే అనుకున్నాను. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు.

ముహూర్తానికి నాలుగు రోజుల ముందు హాలు గోడ మీద మోకాలి ఎత్తున పూరీ అంత మేర రంగు ఉబ్బింది. పనివాళ్లు ఆ బాత్‌రూములోనే బ్రష్షులు కడుగుతున్నారు. మేస్త్రి ఉబ్బిన చోట గీకేసి, లోపలి సిమెంటు మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"అవతల నీళ్లు నిలబెట్టి చూశావా అమ్మాయ్?"

"చూశానండీ."

ఆయన నా మొహం వంక చూశాడు గానీ రెట్టించలేదు. "తడి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిసేదాకా దీని మీద నేను రంగు పెట్టను" అని బ్రష్షులు సర్దుకున్నాడు. ఇంజనీరు గారికి ఫోను చేస్తే, "ముహూర్తం అయ్యేదాకా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు. లేకపోతే రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. నిజం చెబితే ఏడాది తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం పోతుంది. అంతలో శేషారత్నం గారు రానే వచ్చింది. గోడమీద ఆ బోడి మచ్చ చూసి, "ఇదేంటమ్మా?" అంది. తర్వాత నా నోట్లోంచి ఈ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"ఇల్లంతా మరీ నున్నగా ఉంటే దిష్టి తగులుతుందని మా మేస్త్రి గారు ఎక్కడో ఒకచోట అలా వదిలేస్తారండీ."

ఆవిడ మొహం విప్పారింది. చంటిపిల్లకు బుగ్గన చుక్క పెట్టినట్టే కదమ్మా అంది. అవునండీ అన్నాను.

గృహప్రవేశం రోజు వెళ్లేసరికి ఆ మచ్చకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పాలు పొంగించారు. చుట్టాలు భోజనాలకు లేచే ముందు శేషారత్నం గారు కోటయ్య మేస్త్రిని పిలిచి, పంచెల చాపు పళ్లెంలో పెట్టి ఇచ్చింది.

"నా ఇంటికి దిష్టి తగలగూడదని గోడ వదిలిపెట్టావంట గదా బాబూ. సొంత అన్నయినా ఇంత ఆలోచించడు."

మేస్త్రి మచ్చ వైపు చూశాడు, దాని మీద బొట్టు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అంతమంది ముందు ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. ఆయన తలవంచి బట్టలు తీసుకున్నాడు. ఆ రోజు భోజనం మాత్రం చేయలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ పొట్లం నా చేతిలో పెట్టాడు.

"ఇది నేను కట్టుకోలేను. నీ దగ్గర ఉంచు."

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను బాబాయ్" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని బాబాయ్ అని పిలవలేదు.

"పోద్ది" అన్నాడు. "పోదని నేను చెప్పను. నేనూ ఒకసారి భయపడ్డా. ముసురులో నూలు సరిగా ఉడకనీకుండా ఇచ్చేశా. చీరలు నేశాక మొదటి ఉతుక్కే రంగు దిగిపోయింది. తప్పు నేసినోడి మీద పడింది. వీరయ్యని, మా వీధే. షావుకారు అతని మగ్గం ఆపించేశాడు. నేను నోరు తెరవలేదు."

బస్సు వచ్చింది. ఎక్కాక ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వెళ్లి చెప్పమని నాతో అనలేదు. ఆ పొట్లం మా ఇంట్లో మూడు రోజులు కుట్టుమిషను మీద ఉంది. మా అమ్మ ఎవరివే ఈ బట్టలు అని అడిగినప్పుడల్లా ఏదో ఒక సమాధానం చెప్పాను. నాలుగోరోజు పొద్దున కంకిపాడు బస్సెక్కాను.

శేషారత్నం గారు గోడ దగ్గరే ఉంది. పాత బొట్టు తుడిచి కొత్తది పెడుతోంది. మచ్చ అప్పటికి పళ్లెమంత అయింది. నేను పొట్లం కింద పెట్టి, నిలబడే చెప్పాను.

"అది దిష్టికి వదిలింది కాదండీ. వెనకనుంచి నీళ్లు దిగుతున్నాయి. పరీక్ష చేయకుండానే చేశానని రాశాను. మేస్త్రి గారు ఆ మాట అనలేదు. నేనే కల్పించాను."

ఆవిడ వేలికి కుంకుమతో అలాగే ఉంది. "అయితే కొత్త టైల్సు పగలగొట్టాలా?" అంది.

"పగలగొట్టాలండీ."

"పాలు పొంగించి వారం కాలేదమ్మా."

తర్వాత గోడకు ఆనుకొని కింద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మా ఆయన మొన్నే అన్నాడు, అది చెమ్మేమోనే అని. నేను ఇంతెత్తున లేచా. కొత్తింట్లో అట్టాంటి మాటలేంటి, ఆ పిల్ల నాతో అబద్ధం ఎందుకు చెప్పుద్ది అన్నా. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు."

నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. టైల్సు పగలగొట్టారు. గోడ ఆరడానికి రెండు నెలలు పట్టింది. మేస్త్రి కాస్త మేర అతుకు వేస్తే తేడా తెలుస్తుందని, ఈ మూలనుంచి ఆ మూలదాకా గోడ మొత్తం మళ్లీ వేశాడు. నేను ఆయన పక్కనే ఉప్పుకాగితం పట్టుకొని రుద్దాను. శేషారత్నం గారు మాకు మంచినీళ్లు ఇచ్చేది గానీ ముందులా కూర్చొని కబుర్లు చెప్పలేదు. పని అయ్యాక వచ్చి చూసి, "అదే రంగు" అని లోపలికి వెళ్లిపోయింది. పంచెల చాపు మళ్లీ ఇవ్వలేదు. ఇస్తుందని మేమూ అనుకోలేదు. ఆ తర్వాత మేస్త్రి, "నాతో వస్తావా? ఇంటివాళ్లతో మాట్లాడే మనిషి కావాలి నాకు" అన్నాడు. పదకొండేళ్లు ఆయనతో తిరిగాను. శేషారత్నం గారితో ఏం చెప్పావని ఆయన ఎన్నడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

చివర్లో ఆయన కళ్లకు రంగులు ఆనడం మానేశాయి. పచ్చకూ నీలానికీ తేడా అడిగి తెలుసుకునేవాడు. ఊపిరి కూడా సరిగా ఆడేది కాదు. ఒక మధ్యాహ్నం మంగళగిరిలో ఆయన మంచం పక్కన కూర్చుని, ఏదో మాట మీద శేషారత్నం గారి సంగతి ఎత్తి, ఆ రోజు ఆవిడ అన్న మాట చెప్పాను. ఆ పిల్ల నాతో అబద్ధం ఎందుకు చెప్పుద్ది అని మొగుడితో పోట్లాడిందట బాబాయ్ అన్నాను.

"రంగు దిగినప్పుడు వీరయ్య భార్య మా ఇంటికొచ్చింది" అన్నాడు. "మా ఆవిడతో చెప్పి ఏడ్చింది. కోటయ్యన్న రంగు దిగదొదినా, మా ఆయనే ఏదో పాడు చేసుంటాడు అని. నేను లోపలే ఉన్నా. తలుపు అవతలే."

"తర్వాతైనా వెళ్లలేదా?"

"వాళ్లు ఊరొదిలి పోయారు. ఎటు పోయారో తెలియదు. నువ్వు నాలుగు రోజుల్లో వెళ్లావు. నేను ఇవాళ రేపు అనుకుంటా ఉండిపోయా."

ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఈ పనిలో తప్పు జరగని ఇల్లు లేదు. పగులో, చెమ్మో, తేడా వచ్చిన రంగో ఏదో ఒకటి ఉంటుంది. ఇంటివాళ్ల కంట పడకముందే నేనే చెబుతాను. చెప్పినందుకు మెచ్చుకున్నవాళ్లు తక్కువ. మాటలు పడడమే ఎక్కువ. అలసిపోయాను. అయినా ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి, చెప్పాల్సిన మాట లోపల కూడదీసుకుంటున్నప్పుడల్లా కోటయ్య బాబాయ్ తలుపు అవతలే నిలబడి ఉన్నాడనిపిస్తుంది. ఆయన వెళ్లలేకపోయిన వీరయ్య ఇంటికి నేను వెళుతున్నానని అనుకొని తలుపు తడతాను.