పంచె కట్టిన నిరోష

మా నిరోష సంగతి చెప్పాలంటే ముందుగాల నా సంగతి చెప్పాలె. నా పేరు పర్శరాములు. మాది సిరిసిల్ల, నేతోళ్ళం. అమీర్‌పేటల బుచ్చిబాబు సేటు బట్టల దుకాణంల చీరలు కట్టి చూపిస్త. అవును, నేనే కట్టుకుంట, ప్యాంటు మీద. కుచ్చిళ్ళు వెట్టి, కొంగు భుజం మీదేసుకొని అద్దం ముంగట తిరుగుత. నవ్వేటోళ్ళు నవ్వుకోనీ, చీరైతే అమ్ముడువోతది.

నా పక్కనే, చీరలు పరిచే పరుపు మీద నిరోష సుత గదే పని చేస్తది. మాటలు తక్కువ, మొండితనం జాస్తి. నా కుచ్చిళ్ళు జారినప్పుడల్లా ఎనుకకెళ్ళి వచ్చి సవరించేది గామెనే. జీతం మాత్రం నాకన్న తక్కువ. గదే ఆమెకు కడుపుమంట. ఒకనాడు సక్కగ సేటు కాడికే పోయి, ఇద్దరిది ఒక్కటే పనైతే ఒక్కటే జీతం ఎందుకియ్యరని అడిగింది.

సేటు ఆంధ్ర దిక్కాయన. మంచోడే గని, ఎంగిలి చేత్తో కాకిని కొట్టడు.

"చూడమ్మా, మగాడు చీర కట్టి చూపిస్తే అది కళ. ఆడపిల్ల కట్టుకుంటే అందులో ఏముంది? మీరు కట్టుకునేదే కదా," అన్నడు.

నాకైతే మస్తు ఖుషీ అయింది. నేను కళాకారుణ్ణట. నిరోష నా దిక్కు ఒక్క చూపు చూసి, వచ్చి కూసున్నది.

తెల్లారి పెండ్లోళ్ళు వచ్చిండ్రు, పట్టుపంచెలు కావాల్నని. పంచెల కాడుండే కమలాకర్ ఛాయ్‌కి పోయిండు. నిరోష లేచిపోయి, చుడీదార్ మీదనే పంచె చుట్టి, గోచి వెట్టి, కండువా ఏసుకొని, లేని మీసం దువ్వింది. పెండ్లికొడుకు తాత నవ్వి నవ్వి దగ్గుకుంటనే చుట్టాలందరికి పంచెలు కొన్నడు. కమలాకర్ ఛాయ్ గిలాసతోనే గుమ్మంల నిలవడిపోయిండు.

నిరోష పంచె ఇప్పకుండనే గల్లా కాడికి పోయింది. ఇది గూడ కళనేనా అని సేటుని అడిగింది. సేటు మురిసిపోయి, ముమ్మాటికీ కళే అన్నడు.

"మరి కమలాకరన్న మొగోడై మొగోళ్ళు కట్టుకునే పంచెనే కడ్తుండు గద సార్. గాయనకు పర్శరాములన్నంత జీతం ఎందుకిస్తుండ్రు?"

సేటు గల్లా మూసి, సమానమే కావాలంటే నాది, కమలాకర్‌ది జీతం కోసి ఆమెతో సమానం చేస్తా అన్నడు. కళ పాడుగాను, ఇంటి కిరాయి ఎవడు కడ్తడు? నిరోష అదరలే. అమీర్‌పేటల ఛాయ్ బండి కాడ నిలవడ్డా సాలు, సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు చట్టాలు వల్లెవేస్తుంటే చెవుల వడ్తనే ఉంటయి. సమానం చేసేతందుకు ఎవ్వరి జీతం తగ్గియ్యొద్దని చట్టంలనే ఉన్నదని, పెంచుడొక్కటే తొవ్వని చెప్పింది.

గల్లా మీద బిల్లులు కొట్టే సేటు భార్య ఛాయాదేవి మేడం కండ్లద్దాలు తీసింది.

"ఏవండీ, ముందు ఆ పిల్లకి ఇచ్చేయండి. పొద్దస్తమానం ఇక్కడ కూర్చునే నా జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

సేటు చెమటలు తుడుసుకుంట, ఈ నెల నుంచే పెంచుతున్ననని గబగబ ఒప్పుకున్నడు.

కొత్త జీతం అందిన దినం నేను గిరాకీ ముంగట కంచిపట్టు కట్టుకొని తిరుగుతున్న. కుచ్చిళ్ళు జారినయి. అలవాటుగ నిరోష దిక్కు చూసిన. కదల్లే.

"జీతం ఒక్కటే గదన్నా. ఇగ నీ కుచ్చిళ్ళు నువ్వే వెట్టుకో," అన్నది.

అద్దంల చూసుకున్న. నా కళంత కాళ్ళ మీద కుప్పవడి ఉన్నది.