సంపాదక బృందం

ఓ కంపెనీ వెబ్‌సైటుకి వ్యాసాలు రాసే ఆవిడ ప్రతి వాక్యాన్నీ పెదాలు కదుపుతూ చదివి చూసుకుంటుంది. వినడానికి ఎదుటి కుర్చీలో ఆవిడ చేతిసంచీ తప్ప ఎవరూ ఉండరు. రాసిందంతా కంపెనీ సొత్తేననీ, పేరు వేయరనీ ఉన్న కాగితం మీద చేరిన రోజే సంతకం పెట్టింది. ఓ మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, జ్వరం గురించి ఓ వ్యాసం పంపాను, చూశావా? జ్వరం లేకపోయినా నిద్రలో పిల్లల నుదురు తడిమి చూసే తల్లట. అచ్చం మన అమ్మే!"

"అది నేనే రాశానే."

"పోవే అక్కా! చిన్నప్పట్నుంచీ ఇంతే, బాగున్నదల్లా నాదంటావు. కింద సంపాదక బృందం అని ఉందిగా!"

ఆవిడ నవ్వేసి ఫోన్ పెట్టేసింది. మళ్లీ పెదాలు కదపసాగింది. ఆ బృందం మొత్తానికీ ఉన్నది తనొక్కతేనని చెల్లెలికి చెప్పనే లేదు.