పసుపు రాసిన జింక

నోరు విప్పి ఒక్క మాట అడగడం కంటే నాలుగు పుస్తకాలు తిరగేసి జవాబు వెతుక్కోవడమే సులువనుకునే రోజులవి. కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కొత్తగా కుదిరాను. అదే ఇంట్లో మా పిన్ని వంట చేసేది. ఇంటి యజమానిని బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ పిలిచేవాళ్లం. వాళ్ల పెద్దకూతురికి నా డైరీలో చిన్నమామా అని పేరు పెట్టుకున్నాను (పైకి ఏమీ పిలిచేదాన్ని కాదు, దగ్గేదాన్ని). మేడ మీద ఆమెకొక ఏసీ గది ఉండేది. అందులో సగం అల్లిన తివాచీ, సగం గీసిన ఒంటె బొమ్మ, తీగలు లేని ఊద్ వాద్యం పడి ఉండేవి. పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నాల్లో నేను ఆ గది మూలన కూర్చుని చదువుకునేదాన్ని. నేను కూడా ఆమె సగంలో వదిలేసిన వస్తువునే అనుకుందో ఏమో, ఏమీ అనేది కాదు. ఈసారి ఆమె జింక తలని గోడకి తగిలించే బొమ్మగా చేస్తానని, విదేశాల్లో జింకల్ని పెంచేచోటి నుంచి తల, మెడల చర్మం తెప్పించింది. బాబా చూసి, "ఇది కూడా సగంలో ఆగిందా, ఖలాస్, గది డ్రైవర్‌కి ఇచ్చేస్తా" అన్నాడు. చర్మం చిన్నమామాది, గది పోతుందన్న భయం మాత్రం ఇద్దరిదీ.

చర్మం లోపలివైపు అంటుకున్న మాంసం గీకుతూ సగానికి రాగానే చిన్నమామా ముక్కు మూసుకుని కత్తి నా చేతిలో పెట్టింది. "మిగతాది గీకేసి ఉప్పు బాగా రుద్ది, మడిచి పెట్టు, యల్లా, త్వరగా" అని కిందికి పోయింది. ఉత్త ఉప్పేనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. రాయచోటిలో మా అవ్వ వట్టి తునకలు ఎండేసేటప్పుడు మాంసానికి ఉప్పుతోపాటు పసుపు కూడా పట్టించేది. పసుపు తగలని పచ్చి మాంసాన్ని నేను పుట్టి ఎరగను. పిన్ని ఫహాహీల్ బజారులో కొన్న పసుపు పొట్లం తెచ్చి, లోపలా బయటా, వెంట్రుకల మీద కూడా, శ్రద్ధగా పట్టించాను. మర్నాడు మడత విప్పితే జింక మంగళస్నానానికి కూర్చోబెట్టిన పెళ్లికూతురిలా ఉంది. చిన్నమామా, "దీన్ని వండుతాం అనుకున్నావా?" అంది. నేను దగ్గాను.

పద్ధతి ప్రకారం పులుపు నీళ్లలో నానబెట్టినా రంగు పోలేదు. తర్వాత ఆ పులుపు విరగడానికి వంటసోడా కలిపిన నీళ్లలో ముంచాలి. ముంచాం. తెల్లగా ఉండాల్సిన గొంతు మా కళ్లముందే ఎర్రబడింది, తొట్టి నిండా దిష్టి నీళ్లు. పసుపుకి సున్నం చేసే పనే సోడా కూడా చేస్తుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పిన్ని మేడెక్కి వచ్చి చూసింది. "ఏమ్మే, అడిగింటే ఆ పిల్ల నిన్ను కొరుక్కుతినేదా?" అంది. ఇంకోసారి తొట్టిలోకి తొంగిచూసి, "అయినా పసుపు లేకుండా పచ్చితోలు ఎవురన్నా పెడతారా, పురుగు పడదూ" అని నా పక్షానికి వచ్చేసింది. చిన్నమామా మాత్రం చేతి తొడుగులు తీసేసి, "వదిలేద్దాం. గది పోతే పోనీ" అంది.

"వద్దు, ఎర్రగానే పూర్తి చేద్దాం" అన్నారెవరో. ఆ ఎవరో నేనే. ఆమెతో నేనాడిన మొదటి పూర్తి వాక్యం అది.

చర్మాన్ని కుళ్లకుండా తోలుగా ఊనే మందు పట్టించాం, ఫోమ్‌తో చేసిన తల అచ్చుకి తొడిగాం, గాజు కళ్లు పెట్టాం, వెనక కుట్టేశాం. ఒక చెవి మమ్మల్నీ, రెండోది పక్కింటివాళ్లనీ వింటున్నట్టు కుదిరింది. బాబా వచ్చి దాని చుట్టూ తిరిగాడు. "ఏ దేశపు జింక ఇది?" అన్నాడు. చిన్నమామా నావైపు చూసింది. "హింద్" అన్నాను. "పూర్తయినట్టేనా?" అని కూతుర్ని అడిగాడు. "అయింది బాబా" అందామె. ఆయన దాన్ని తీసుకెళ్లి, మగవాళ్లు కబుర్లాడుకునే దివానియాలో తగిలించాడు. అక్కడికి వచ్చే ఒక పెద్దాయన అలాంటివాటిని తాను చాలా చూశానన్నాడట. గది చిన్నమామాకే ఉండిపోయింది, మూల నాకు.

ఇప్పుడు ఆ దివానియాలో దుమ్ము దులిపేది నేనే. కిటికీలోంచి పడే ఎండకి ఆ గొంతు మీద ఎరుపు ఏటికేడు వెలిసిపోతోంది. ఎలాగైనా పోవాలని ఆ రోజు నేను దణ్ణాలు పెట్టుకున్న రంగు అది. మాటకు బదులు దగ్గే ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. వచ్చేటప్పుడు, ఎవరూ చెప్పకపోయినా, ఆ కిటికీకి తెర వేసి వస్తాను.