రెండు బండల జోడు

మక్తల్‌లో మాకు ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది. మా ఆయన అక్కడి బడిలో కొత్తగా చేరిన పంతులు. ఇల్లు అడగబోతే అందరూ మర్యాదగానే మాట్లాడేవాళ్లు. "మీరెవలోళ్లు?" అని అడిగి, మేం చెప్పాక మాత్రం, "అయ్యో, నిన్ననే వేరేటోళ్లకు మాటిచ్చినం" అనేవాళ్లు. ఊరంతా నిన్ననే మాటిచ్చిందంటే నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

చివరికి ఒక ముసలామె ఇచ్చింది. భర్త లేడు, ఒంటరి మనిషి. ఇంట్లో ఒక సగం తనుండి, రెండో సగం మాకిచ్చింది. మేం గుడిసెల వాడ నుంచి చదువుకుని పైకొచ్చినవాళ్లమనీ, చర్చికి పోతామనీ ముందే చెప్పాం. "ఎంతమంది ఉంటరు?" అని మాత్రం అడిగింది. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని.

రెండు సగాలకూ కలిపి ముందు ఒకటే వాకిలి, అంతా బండలు పరిచింది. మామూలు షాబాదు బండ బూడిద రంగు కదా, ఇవి పచ్చగా, కొంచెం గోధుమ కలిసినట్టు ఉండేవి. అవ్వ అత్తగారి కాలంలో ఎడ్లబండ్ల మీద తెచ్చారట. అవ్వ తెల్లారకముందే లేచి వాకిలంతా ఊడ్చి, పేడనీళ్లు కలిపి సానుపు చల్లి, ముగ్గేసేది. మా గుమ్మం ముందు కూడా తనే చల్లేది.

ఆ బండలు పగలగొట్టింది నేనే. పసుపుకొమ్ములు దంచాలి, మాకు రోలు లేదు. అవ్వకుంది. ఆమె రోలు నేను ముట్టుకోవచ్చో లేదో అడగడానికి నోరు రాలేదు. గోనెపట్టా పరిచి బండమీదే రోకలితో దంచాను. కింద మన్ను కుంగి ఉందేమో, రెండు బండలు పాత నెర్రెల వెంబడి పగిలాయి; నెర్రె లోపలా అదే రంగు.

అవ్వ చూసింది. తిట్టలేదు. "గసొంటియే తెచ్చి పర్వండ్రి. తేడా కనబడొద్దు. లేకుంటే వేరే జాగ చూసుకోండ్రి" అంది.

వేరే జాగా ఎక్కడుంది? ముక్క ఒకటి తువ్వాలులో చుట్టుకుని మా ఆయన ఆదివారం ప్రార్థన మానుకుని నారాయణపేట పోయాడు. అక్కడి బండల వ్యాపారి ముక్కను తిప్పి చూసి, గీ రంగు ఇప్పుడొస్తలేదు, గని బందయింది అన్నాడట. తర్వాతి ఆదివారం పాలమూరు. అక్కడ ఇంకొకాయన అసలు ఇది మన దిక్కు బండే కాదన్నాడు. మూడో వారం ఎవరో చెప్పిన పాత గని దగ్గరికి పది మైళ్లు నడిచిపోతే, దాని నిండా నీళ్లు. తెల్లచొక్కా అంతా దుమ్ముతో వచ్చి, ఆ ముక్కను గూట్లో పెట్టి, "ఇంక నా తోని కాదు" అన్నాడు. బడిలో అంతమంది పిల్లల్ని నోరెత్తనివ్వని మనిషి, ఒక రాతిముక్క ముందు అట్లా కూలబడితే నాకు కోపం కూడా రాలేదు.

అవ్వ వారం రోజులకు తమ్ముడి ఊరికి పోయింది. ఆమె లేనప్పుడు మా ఆయన ఒక ముసలి రాళ్లు కొట్టే తాతను పిలుచుకొచ్చాడు. తాత ముక్క అంచున ఉలితో ఒక్క దెబ్బ కొట్టాడు. లోపలంతా బూడిద రంగు.

"గిది బండ రంగు గాదు పంతులూ, సానుపు రంగు. ఏండ్ల సంది పేడనీళ్లు తాగి తాగి గిట్లయింది. బండదేముంది, రేపే తెస్త. గీ రంగు రావాల్నంటే ఇంకో ముప్పై ఏండ్లు చల్లాలె."

మర్నాడే తెచ్చి పరిచాడు. పచ్చటి వాకిట్లో రెండు బూడిద బండలు ఎంత దూరం నుంచైనా కనబడుతున్నాయి. అవ్వ రావడానికి నాలుగు రోజులుంది.

నేను మిషను హాస్టల్లో పెరిగినదాన్ని. ప్రతి శనివారం ఇటుకపొడి, బూడిద కలిపి కొబ్బరిపీచుతో నేలంతా తోమించేవాళ్లు. మనను చూసి ఎవరూ ముక్కు మూసుకోకూడదు అని హాస్టలు నడిపే దొరసాని చెప్పేది. ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది. కొత్త బండను పాతది చేయలేకపోతే, పాతదాన్ని కొత్తది చేయొచ్చు కదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడు రోజులు మోకాళ్ల మీద కూర్చుని వాకిలంతా తోమాను. వేళ్ల చర్మం లేచింది. నాలుగో రోజుకు వాకిలంతా ఒకటే రంగు, కొత్త బండలేవో నాకే తెలియలేదు. మా ఆయన కూడా చూసి, బతికినం అన్నాడు.

అవ్వ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. గుమ్మం ముందే మూట దించింది. వాకిలంతా ఒకసారి కలయజూసింది.

"నా బండలేవి బిడ్డా?"

"ఇవే అవ్వా" అన్నాను గర్వంగా. "ఏం తేడా లేదు చూడు. అంతా సానుపు మురికే, తోమితే పోయింది."

ఆమె వంగి అరచేయి బండ మీద పెట్టింది. "గా రంగు బండదే అనుకున్న ఇన్నేండ్లు" అంది మెల్లగా. "మా అత్త చల్లింది. గామె పోయినంక నేను చల్లిన. నా పెనిమిటి పోయిన దినం తప్ప ఒక్క పొద్దు గూడ తప్పలే. అంటే గా రంగు మాదేనా? మురికా బిడ్డా గది?"

అప్పుడు నాకు నా మాట వినబడింది. ఊరంతా మమ్మల్ని నోటితో అనకుండా మనసులో అనుకున్న మాట అది. అనని ఒకే ఒక్క మనిషిని పట్టుకుని నేను అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె మమ్మల్ని పొమ్మనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున చీపురు చప్పుడుకు లేచి తలుపు సందులోంచి చూశాను. అవ్వ తన సగం ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గేసి, మా సగం దగ్గర ఆగి లోపలికి వెళ్లిపోయింది. తర్వాతి రోజూ అంతే. నేను చల్లుదామంటే నాకు పేడ ఎంత కలపాలో కూడా తెలియదు. అడగడానికి మొహం లేదు.

పొడిగా మిగిలిన ఆ సగం తొక్కి రోజూ బయటికి పోలేక, నెల తిరక్కుండానే మేమే ఇల్లు ఖాళీ చేశాం. ఆమె "ఎందుకు పోతున్రు?" అని అడగలేదు.