అన్నాచెల్లెళ్ళ ఇంగ్లీషు

మా ఆడబిడ్డ హైస్కూల్లో ఫిఫ్తు ఫారంలో చేరిన ఏడాది మా ఇంట్లోకి ఇంగ్లీషు వచ్చింది. పందొమ్మిదివందల అరవై దాటిన కొత్త రోజులు. నేను కొడవలూరు నుంచి ముత్తుకూరు పక్క ఊరికి కాపరానికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. మా పుట్టింటివాళ్ళవి వరి పొలాలు. ఇక్కడ ఎటు చూసినా ఇసుక, ఉప్పుగాలి. మా ఆయన ఉప్పు తయారుచేసే కొఠార్ల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఉండేది నలుగురం: ఆయన, మా అత్త, ఆడబిడ్డ, నేను. నా చదువు అయిదో తరగతితో ఆగింది. మా అత్త వేలిముద్ర వేసేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆడబిడ్డ ఉన్నట్టుండి "పాస్ ది పికిల్, ప్లీజ్" అంది. ఆయన ఊరగాయ జాడీ ఆమె వైపు జరిపాడు. ఆ తర్వాత ఆమె నా వైపు ఓరగా చూసి, "షి డజంట్ నో" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"ఏందమ్మా ఆ మాట?" అని అడిగాను.

"ఏం లేదొదినా, ఇస్కూలు పాఠం."

అంతగా నవ్వించే పాఠం ఏ స్కూల్లో చెబుతారు? నేనూ అయిదు తరగతులు చదివాను. ఒక్క పాఠానికీ నవ్విన గుర్తు లేదు.

అక్కడి నుంచి అది పెరిగింది. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ వసారాలో కూర్చుని ఇంగ్లీషులో ఏదో అనుకునేవాళ్ళు. నేను కాఫీ తీసుకెళ్తే గభాలున ఆగిపోయేవాళ్ళు. "వాట్ ఈజ్ ది మ్యాటర్?" అని ఆయన అంటే, వంటింటి వైపు చూసి "నెవర్ మైండ్" అనేది ఆడబిడ్డ. "డోంట్ టెల్ మదర్" అన్న మాట ఒకటి తరచుగా వినిపించేది. అందులో మదర్ అంటే ఎవరో మా అత్తకు కూడా తెలిసింది.

"మదరంటే నేనే గదమ్మే?" అంది నాతో, బియ్యం ఏరుతూ. "నా మాటేందో అనుకుంటా ఉండారు. కొఠార్ల కాడ వీడేందన్నా చేసినాడేమో. లేకపోతే దానికి సంబంధం చూసినాడా, నాకు తెలవకండా?"

ఆమె అనుమానం ఆమెది, నాది నాది.

మా వీధి చివర ఆసుపత్రి నర్సమ్మ ఉండేది. నెల్లూరులో చదువుకున్న మనిషి. నేను విన్న ముక్కను నోట్లో నానబెట్టుకుంటూ ఆమె ఇంటికి నడిచేదాన్ని. దారిలో ఎవరైనా పలకరిస్తే మాట చెదిరిపోతుందని తల ఎత్తేదాన్ని కాదు.

"షి డజంట్ నో అంటే, ఆమెకి తెలవదని" అంది నర్సమ్మ.

"ఏం తెలవదంట?"

"అది వాళ్ళనడగాల." ఆమె చేతిలో దూది పక్కన పెట్టి నన్ను పరకాయించి చూసింది. "మీ ఇంటాయన ఈ మధ్య కొత్త చొక్కాలేమన్నా కుట్టించుకున్నాడా?"

కుట్టించుకున్నాడు. దీపావళికి అందరమూ కుట్టించుకున్నాం. అయినా ఆ ప్రశ్న నాలో ముల్లులాగా ఉండిపోయింది. అప్పటిదాకా చూడని సంగతులన్నీ చూడటం మొదలుపెట్టాను. తల ఎంతసేపు దువ్వుకుంటున్నాడు, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ముఖం ఎలా ఉంది, చొక్కా జేబులో ఏముంది. జేబులో పొడుం డబ్బీ తప్ప ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

నర్సమ్మ దయవల్ల నాకు మెల్లగా మాటలు పట్టుబడ్డాయి. టేక్ కేర్ అంటే జాగ్రత్త, కమింగ్ అంటే వస్తున్నారని. అర్థమయ్యే కొద్దీ మనశ్శాంతి పోయింది. "యువర్ వైఫ్ ఈజ్ కమింగ్, టేక్ కేర్" అని ఆడబిడ్డ అంటుంటే, నేను కాఫీ గ్లాసులతో గడప దగ్గర నిలబడిపోయాను. ఇంకోరోజు ఆయన గొంతు పెద్దది చేసి, "ఐ యామ్ టయర్డ్ ఆఫ్ దిస్ హౌస్" అన్నాడు. ఈ ఇల్లంటేనే నాకు విసుగెత్తిందని. ఆ మాటకు నర్సమ్మ అవసరం కూడా రాలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

"ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు ఆయన.

"బాగనే ఉండాది" అన్నాను. ఆయన ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాను. మామూలు ముఖమే.

నేను వాళ్ళ మాటలకు తెల్లముఖం వేయడం మానేశానని మా అత్త కనిపెట్టింది. "నువ్వు గూడా వాళ్ళల్లో కలిసిపోయినావా?" అంది ఒకరోజు. మర్నాటి నుంచి చక్కెర డబ్బా వంటింట్లోంచి ఆమె పెట్టెలోకి వెళ్ళింది.

ఇలా ఉండగా హైస్కూలు వార్షికోత్సవం వచ్చింది. ఆడబిడ్డ నాటకంలో వేషం వేస్తోందని మా అత్త, నేను తాటాకు పందిట్లో ముందు చాప మీద కూర్చున్నాం. ఆయన మగవాళ్ళ వైపు ఉన్నాడు. ఇంగ్లీషు అయ్యవారు వేదిక మీదికి వచ్చి తెలుగులోనే చెప్పాడు: "పుస్తకం చదివితే ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు రాదు. అందుకే పిల్లలను వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో అనుకునే మాటలు పట్టుకురమ్మన్నాను. వాటిని ఇంగ్లీషులో పెట్టి నవ్వుకునే నాటకం చేశాం."

తెర లేచింది. అత్త వేషంలో మా ఆడబిడ్డ, బొడ్లో తాళాల గుత్తితో.

"అది నా చీర!" అంది మా అత్త గట్టిగా.

కోడలి వేషం వేసిన పిల్ల కాఫీ పెట్టబోతూ పాలగిన్నె మూత తీసి వాసన చూసింది, మూత పెట్టింది, మళ్ళీ తీసి చూసింది. ఆ అలవాటు నాది. జనం నవ్వుతుంటే నాకు చెవులు వేడెక్కాయి. ఇంతలో బొగ్గుమీసాలు పెట్టుకున్న పిల్ల, అంటే మొగుడు, తల పట్టుకుని "ఐ యామ్ టయర్డ్ ఆఫ్ దిస్ హౌస్" అంది. నా ఊపిరి అప్పుడు కిందికి దిగింది. ఇన్నాళ్ళూ చెల్లెలికి ఎదురుమాట అందిస్తూ నాటకం నేర్పించాడన్నమాట. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నా పాలగిన్నె సంగతి అయ్యవారి దాకా మోసిందెవరు?

మీసాల పిల్ల, చెల్లెలి వేషం వేసిన పిల్ల చెవి దగ్గర వంగి, "మై వైఫ్స్ ఫిష్ కర్రీ ఈజ్ బెటర్. డోంట్ టెల్ మదర్" అంది.

మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "మదరన్నాడు. ఏం జెప్పినాడు?"

చేపల పులుసు దగ్గరికి ఆమె నన్ను రానిచ్చేది కాదు. పొలాల్లో పుట్టిన పిల్లకు సముద్రపు చేప ఏం తెలుసని ఆమె మాట. ఆమెకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం నేను వండాను. అదంతా ఒక్కసారి నా నాలుక చివరికి వచ్చింది.

"పెళ్ళాం వండే చేపల పులుసే బాగుంటదంట. మీకు చెప్పొద్దంట" అన్నాను.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కళ్ళు చిన్నవి చేసి, "ఇంగ్లీషు నీకెట్ట వచ్చింది?" అంది. ఇక నాటకం చూడలేదు. చివరిదాకా నన్నే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చే దారిలో కొఠార్ల గట్టు మీద కొడుకును నిలేసింది. "నా పులుసు బాగలేదన్నావంటగదరా?"

"ఎవరు చెప్పినారు?"

"నీ పెళ్ళామే. దానికి ఇంగ్లీషొచ్చు."

ఆయన గట్టు మీద నిలబడిపోయాడు. ఇన్ని నెలలుగా నా ముందు ఏమేమి అన్నాడో అన్నీ తవ్వుకుంటున్నట్టు ముఖం పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ ముఖం చూడటానికి నాకు బాగుంది.

"అవి వాళ్ళ అయ్యోరు రాసిన మాటలేమ్మా" అన్నాడు చివరికి.

"అయ్యోరా?" అని ఏదో చెప్పబోయిన ఆడబిడ్డ, అన్న కళ్ళు చూసి నోరు మూసుకుంది.

నేను ఊరుకుంటానా? నర్సమ్మ చేత అయ్యవారిని అడిగించాను. "నేను చేపలు తినను. ఏ పులుసు బాగుంటుందో నాకేం తెలుసు?" అన్నాడట. ఆ సంగతి మా ఆయనకు చెబితే, "ఆయన తినకపోతే మాత్రం రాయకూడదా?" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం మా అత్త చేపల బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. తాను పీట వేసుకుని పక్కనే కూర్చుంది. "కానీ. ఏమేస్తావో చూస్తా" అంది. నేను చింతపండు పిసికిన చేతినీ, కారం వేసిన చేతినీ కళ్ళార్పకుండా చూసింది. ఏమీ దొరికినట్టు లేదు. మూకుడు దించాక కూడా లేవలేదు.

ఆయన తల వంచుకుని తిన్నాడు. బాగుందనలేదు, బాగలేదనీ అనలేదు. మారు వడ్డించబోతే వద్దని మజ్జిగ పోసుకున్నాడు. ఆడబిడ్డ అందరి ముఖాలూ చూసి ఏదో అనడానికి నోరు తెరిచింది.

"తెలుగులో జెప్పు" అంది మా అత్త.